ఇంట్లో సామాను తగ్గాలంటే బయట భరోసా ఉండాలి

"ఏడాదిగా వాడని వస్తువును ఇంట్లోంచి పంపించేయండి." సామాను తగ్గించుకోవడం గురించి సలహాలిచ్చేవారు మొట్టమొదట చెప్పే సూత్రం ఇదే. అనంతపురం జిల్లాలో ఒక మెట్ట రైతు ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పి చూడండి. ఏడాదిగా వాడని వస్తువుల్లో విత్తనం వేసే గొర్రు కూడా ఉంటుంది. అదనులో వాన పడలేదు, గొర్రు కట్టలేదు, అంతే. దాన్ని పాత సామాన్ల బండికి వేసేస్తే వచ్చే ఏడాది ఎవరి గొర్రుతో విత్తుతాడు?

జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. నైరుతి మేఘాలను పడమటి కనుమలే చాలావరకు పిండేసుకుంటాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్యం వానలూ ఇక్కడికి వచ్చేసరికి పలచబడతాయి. ఆ కాస్త వాన కూడా పైరుకు కావలసిన వారంలోనే పడాలన్న నియమం లేదు. ఇలాంటి నేల మీద "ఎందుకైనా పనికొస్తుందిలే" అని దాచిపెట్టడం పిసినారితనం కాదు, ముందుచూపు. బెంగళూరులోనో టోక్యోలోనో రాసిన సూత్రాలు ఇక్కడి ఇళ్లలో పొసగకపోవడానికి మొదటి కారణం ఇదే. అలాగని మన సజ్జల మీద ఉన్నదంతా ముందుచూపే అనుకుంటే అది మరీ విడ్డూరం. విరిగిన మిక్సీ జార్లు మూడింటిని ఏ కరువూ అడగదు.

ఇంట్లో ఉన్న ప్రతి అదనపు వస్తువూ చాలావరకు బయట దొరకని ఏదో ఒక భరోసాకు బదులుగా కూర్చుని ఉంటుందన్నది నా వాదన. ఆ భరోసా ఏమిటో తేల్చుకోకుండా వస్తువును సాగనంపితే అది మరో రూపంలో తిరిగి వస్తుంది. ఆ భరోసా ఇప్పటికే బయట దొరుకుతుంటే మాత్రం ఆ వస్తువు వట్టి బరువు.

దీనికి సీమలోనే మంచి రుజువు ఉంది. ఒకప్పుడు నల్లరేగడి ఊళ్లలో జొన్నలను పాతర వేసేవారు. భూమిలో గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి దట్టించి, గింజలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మూసేవారు. గాలి చొరకపోవడంతో పురుగు బతకదు, గింజ ఏళ్ల తరబడి నిలుస్తుంది. పాతర తెరిచిన వెంటనే మనిషి దిగేవాడు కాదు. లోపల పేరుకున్న చెడు గాలికి ఊపిరాడక ప్రాణం పోతుందని అందరికీ తెలుసు, అందుకే కొంతసేపు అలా వదిలేసేవారు. ఇంత శ్రమ, ఇంత ప్రమాదం ఎందుకంటే, బయట నమ్మదగినది ఏమీ లేదు కాబట్టి. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగమే, 1882లోగానీ విడిపోలేదు. 1877లో ఆ కరువును పర్యవేక్షించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనికి వచ్చిన కూలికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానికి తోడు కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి అది. అలాంటి సర్కారును చూసిన తాత, మనవడికి గింజ దాచుకోమనే చెబుతాడు.

ఈరోజు పాతర ఉన్న ఇల్లు కనిపించడం అరుదు. ఎవరో వచ్చి నిరాడంబరత గురించి బోధించినందువల్ల కాదు. మార్కెట్టు దగ్గరైంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. 2013 నాటి ఆహార భద్రత చట్టం కింద అర్హత ఉన్న కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కయింది. జొన్న సంకటి పోయి వరి అన్నం రావడంలో మంచీ చెడూ ఉన్నాయి, అది వేరే కథ. నిల్వ సంగతి వరకు చూస్తే, వీధి చివర చౌకదుకాణం తెరవగానే ఇంటి ముందరి పాతర పూడిపోయింది.

నీటి విషయంలో ఇది సగమే జరిగింది. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి సంస్థ చేపట్టిన తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు చేరింది. అంతకు ముందు చేతిపంపు దగ్గర వరస కోసమే అరడజను బిందెలు ఉంచుకోవాల్సిన ఇళ్లు ఎన్నో. కానీ పట్టణాల్లో ఇప్పటికీ ఎన్నో వీధుల్లో కొళాయి ప్రతిరోజూ రాదు. అలాంటి వీధిలో స్నానాల గది పక్కన రెండు నీలం డ్రమ్ములు, వంటింట్లో నాలుగు బిందెలు, మిద్దె మీద ట్యాంకు, కింద సంపు ఉంటే వాటిని చెత్త అనడానికి నోరు రాకూడదు. అవి ఇంటివారి సొంత జలాశయాలు. కరెంటు పోతుందని ఇన్వర్టరు, ఆ కరెంటులో హెచ్చుతగ్గులకు ఫ్రిజ్జు కాలిపోతుందని దానికో స్టెబిలైజరు. ఇవన్నీ బయటి లోపాలకు ఇంటివారు కడుతున్న జరిమానా. వీటిని తగ్గించాల్సింది ఇంటావిడ కాదు, మున్సిపాలిటీ.

పాత ఇళ్లలో ఇత్తడి, రాగి సామాను ఎందుకు అంతగా ఉండేదో కూడా ఇలాగే అర్థమవుతుంది. ఇత్తడి బిందె నీళ్లు మోస్తుంది, కరువొస్తే కుదువకు వెళ్తుంది, చిల్లు పడితే తూకానికి కొత్త దానిలో కలుస్తుంది. అదొక బ్యాంకు ఖాతా. తర్వాత దాని స్థానంలోకి స్టీలు వచ్చింది. తోమడానికి తేలిక, పులుసు కిలం పట్టదు, కళాయి పూయించే పని లేదు. కానీ స్టీలు గిన్నెను ఏ బ్యాంకూ కుదువ పెట్టుకోదు. ఆస్తిగా సామాను కూడబెట్టే అలవాటు మిగిలింది, ఆ సామానులోంచి ఆస్తి జారిపోయింది. మన వంటింటి అరల్లో ఉన్నదానిలో చాలా భాగం ఇదే.

ఆ అరల గురించి కూడా ఒక మాట. కడప బండ మనకు దగ్గరలోనే దొరుకుతుంది, చవక. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ "ఇక్కడ కూడా రెండు బండలు వేసేద్దామా సార్?" అంటే కాదనేవాడు లేడు. వంటింట్లో నాలుగు గోడలకూ అరలు, ప్రతి తలుపు మీదా సజ్జ. ఖాళీ అరను చూస్తూ ఊరుకోవడం మన చేత కాదు. సామాను తగ్గాలనుకునేవారు కొత్త ఇల్లు కట్టేటప్పుడే రెండు సజ్జలు మానుకుంటే, తర్వాత పదేళ్లపాటు చేయాల్సిన సర్దుడు సగం తప్పుతుంది.

ఇప్పుడు ఏదైనా ఒక అరలో వెనక వరసలో ఉన్న స్టీలు డబ్బాను బయటకు తీసి చూడండి. మూత మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు ఉంటాయి. పెళ్లికూతురు పేరు, ఇచ్చినవారి ఇంటిపేరు, తేదీ. చివరి అక్షరానికి చోటు చాలక అంచు మీదికి ఎక్కి ఉంటుంది. డబ్బా ఎప్పుడూ వాడలేదు, లోపల తళతళలాడుతూనే ఉంది. దీన్ని ఎందుకు ఇచ్చేయలేరు? ఇచ్చినవారి పేరు దాని మీద ఉంది కాబట్టి. ఆ పేరుగల మనిషి రేపు ఇంటికి రావచ్చు. అది డబ్బా కాదు, రసీదు. పెళ్లిలో చదివింపులు రాసిన పుస్తకానికి ఇది లోహపు ప్రతి. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఈ డబ్బాకు సమానమైనది మనం తిరిగి ఇవ్వాలి, కాస్త ఎక్కువే ఇవ్వాలి. బ్యాంకులు, బీమా లేని రోజుల్లో ఒక ఇంటి పెళ్లి ఖర్చును నూరు ఇళ్లు కలిసి మోసిన పద్ధతి ఇది. చిన్న చూపు చూడదగినది కాదు.

కాకపోతే ఆ పద్ధతి పని చేయడానికి డబ్బా అక్కర్లేదు. నూటపదహార్లు చదివించే ఆచారం మనకు మొదటినుంచీ ఉన్నదే. అది చేతికి అందుతుంది, పుస్తకంలో రాసుకుంటారు, సజ్జ ఎక్కదు. పిలుపులకు వెళ్లేవారు వస్తువు కొనడం మానేసి కవరు ఇవ్వడం మొదలుపెడితే రెండు ఇళ్లలో ఒకేసారి సామాను తగ్గుతుంది. శుభలేఖ మీద "బహుమతులు వద్దు" అని అచ్చు వేయించడం మాత్రం మా వైపు బెడిసికొడుతుంది. "మా చేతిది పనికిరాదా?" అని అలిగేవారు ఉంటారు, ఆ అలకలో న్యాయం కూడా ఉంది. పుచ్చుకోనని చెప్పడమంటే తిరిగి పెట్టనని చెప్పినట్టే వినిపిస్తుంది.

జాకెట్ ముక్కలది మరీ ముచ్చటైన కథ. వరలక్ష్మీ వ్రతానికి తాంబూలంలో ఒకరు ఇస్తారు. పుచ్చుకున్నావిడ దాన్ని కుట్టించదు, మరొకరి తాంబూలంలో పెడుతుంది. అది అలా వీధులు దాటి, ఏ కత్తెరా తాకకుండా, ఎప్పుడో మొదటి ఇంటికే చేరినా ఆశ్చర్యం లేదు. పెట్టుబడి చీరలూ అంతే. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ అవి కట్టుకోవడానికి కాదని తెలుసు. నిజానికి అవి బట్టలు కావు, ఒక రకం నాణేలు. వాటిని సామాను కింద లెక్కేసి బాధపడటం కంటే, అన్నింటినీ ఒకే సంచిలో వేసి తలుపు పక్కన ఉంచుకుంటే చాలు. సంచి నిండితే కొనడం ఆపాలి. అంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

కట్టుకునే బట్టల విషయంలో మారింది బట్ట స్వభావం. నూలు చీరకు ఒక జాతకం ఉండేది. కొన్నాళ్లు పండగలకు, తర్వాత ఇంట్లో, తర్వాత చంటిబిడ్డకు ఉయ్యాల, తర్వాత బొంతలో ఒక పొర, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. ప్రతి మెట్టులోనూ చీర ఎవరికో ఒకరికి కావలసినదే, అందుకని ఎక్కడా పేరుకుపోయేది కాదు. పాలిస్టర్ చీరకు ఆ దిగుడు మెట్లు లేవు. నీరు పీల్చదు కాబట్టి తుడవడానికి పనికిరాదు. వేడికి కరుగుతుంది కాబట్టి పొయ్యి దగ్గర ప్రమాదం. బొంత కుట్టే తీరిక ఎవరికీ లేదు. చిరగదు, వెలవదు, పోదు. బీరువా నిండటానికి మన ఆశ ఎంత కారణమో, ఆ నూలుపోగు మాయం కావడం కూడా అంతే కారణం. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవారు వీధిలోకి వస్తే ఒక పెద్ద మూట దిగి ఒక చిన్న గిన్నె ఇంట్లోకి వస్తుంది. బీరువాలోంచి అరలోకి బరువు మారిందంతే. అయినా నేను దీన్ని తప్పుపట్టను. ఆ బట్టలకు వారి చేతుల్లో ఇంకా బతుకు ఉంది, మా బీరువాలో లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఏదో ఒక భరోసాకు బదులుగా వచ్చినవే. వాయిదాల మీద వచ్చే సామాను ఆ లెక్కలోకి రాదు. దాన్ని బయటివాళ్లు మన ఇంట్లోకి తోస్తున్నారు. ఇక్కడ సీమవాసులకు ఒక మంచి కొలబద్ద చేతిలోనే ఉంది, కానీ దుకాణంలో దాన్ని బయటకు తీయరు. ఊళ్లో ఎవరైనా "మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు" అంటే వినేవాళ్లు నాలుక కరుచుకుంటారు. నూటికి నెలకు మూడు, ఏడాదికి ముప్పై ఆరు. ఇల్లు గుల్లవుతుందని అందరికీ తెలుసు. అదే మనుషులు క్రెడిట్ కార్డు బాకీని పూర్తిగా కట్టకుండా కనీస మొత్తం కట్టి ఊపిరి పీల్చుకుంటారు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. అంటే మూడున్నర రూపాయల వడ్డీ! ₹20,000 బాకీ మీద నెలకు ₹700 వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ₹126. అయిదు శాతం లెక్కన ₹1,000 కడితే అసలులోకి పోయేది ₹174. వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడి అడుగుతాడు కాబట్టి సిగ్గు. కార్డు అడగదు, సందేశం పంపుతుంది.

"వడ్డీ లేని వాయిదాలు" అన్నది కూడా అలాంటిదే. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీని వస్తువు ధరలో కలపడమో, రొక్కం ఇస్తే వచ్చే తగ్గింపును ఆపడమో జరుగుతుంది. సాధారణంగా ప్రాసెసింగ్ రుసుము దానికి అదనం. నన్ను అడిగితే, ఇంట్లో సామాను తగ్గించాలనుకునే కుటుంబం ముందు సజ్జ ఎక్కాల్సిన పని లేదు. జీతం పడిన తేదీన ఖాతాలోంచి ఎన్ని వాయిదాలు పోతున్నాయో ఒక కాగితం మీద రాసి, అవి తీరేదాకా కొత్తది ఎత్తకపోతే చాలు. సజ్జ మీద ఉన్నది ఎటూ అన్నం అడగదు.

మరి అనవసరమని తెలిసిన వస్తువు కూడా ఎందుకు కదలదు? మనిషి మనసుకు కలపడం వచ్చినంత సులువుగా తీసివేయడం రాదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది చక్కగా బయటపడింది. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన ఒక బొమ్మ కట్టడానికి పైకప్పు ఒక్క ఇటుక మీద ఆగి ఉంది. దాన్ని గట్టిపరచమన్నారు. కొత్త ఇటుక కలిపితే ఒక్కోదానికి పది సెంట్లు ఖర్చు. నిజానికి ఆ ఒక్క ఇటుకను తీసేస్తే కప్పు కింది భాగం మీద గట్టిగా కూర్చుంటుంది, ఖర్చూ లేదు. అయినా తీసివేసినవారు 41 శాతమే. "తీసేయడానికి డబ్బు పట్టదు" అని ఒక్క మాట ముందుగా చెప్పినప్పుడు ఆ సంఖ్య 61 శాతానికి పెరిగింది. తీసివేయడం వాళ్లకు ఇష్టం లేక కాదు, ఆ దారి తట్టకే. మన ఇళ్లలో కూడా వంటిల్లు ఇరుకైతే మొదట తట్టేది మరో స్టాండు కొనడమే.

సామాను సంగతి కంటే పనులు తగ్గించుకోవడం కష్టం, ఎందుకంటే పనికి పేరు కొట్టించి ఉండదు. అది ఎవరిదో అడగాలి. కేంద్ర గణాంక శాఖ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనిలో పాల్గొనే మహిళలు రోజుకు 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. పాల్గొనే పురుషులు పెడుతున్నది 88 నిమిషాలు. ఇంట్లో ప్రతి వస్తువూ ఎవరో ఒకరి చేత తోమించుకుంటుంది, దులిపించుకుంటుంది, సర్దించుకుంటుంది. ఉగాదికి ముందు అరల్లోని స్టీలు అంతా దించి కడిగి మళ్లీ ఎక్కించే రోజును గుర్తు చేసుకుంటే ఆ 289లో కొంత ఎక్కడిదో తెలుస్తుంది. "మాకు సాదా జీవితమే ఇష్టం" అని చెప్పే మగవారు చాలామంది నాకు తెలుసు. వారిలో కొందరి సాదా జీవితానికి వంటింట్లో మూడు పూటలా వేడివేడిగా వండే మనిషి కావాలి. మాంసం వండిన రోజున సంకటి, పక్కన చారు, దాని మీదికి ఊరమిరప. ఇంటి జీవితం తేలికపడిందో లేదో తెలియాలంటే ఆ మనిషిని అడగాలి. ఒకరి పని తగ్గి మరొకరి మీద పడటం తగ్గడం కాదు.

పిలుపుల విషయంలో నా లెక్క వేరు. ముహూర్తాల రోజుల్లో ఉదయం ఒక ఊళ్లో పెళ్లి, మధ్యాహ్నం మరో చోట గృహప్రవేశం, సాయంత్రం ఓణీల వేడుక. అన్నింటికీ ముఖం చూపించి రావడమే పనైపోతుంది. కానీ ఇవి కూడా చదివింపుల పుస్తకంలోవే. వెళ్లకపోతే రేపు మన గడప తొక్కేవారు తగ్గుతారు, ఆసుపత్రిలో రాత్రి పడుకోవడానికి మనిషి దొరకడు. చావుకు, జబ్బుకు వెళ్లడం ఎట్టి పరిస్థితిలోనూ తగ్గించకూడదు. ఓణీల వేడుకకు కవరు పంపి ఊరుకోవచ్చు. ఇది నా పక్షపాతమే, ఒప్పుకోనివారు ఉంటారు.

అందరూ ఒప్పుకునే నమూనా ఒకటి మాత్రం ప్రతి పట్టణంలో, చాలా ఊళ్లలో ఇప్పటికే ఉంది. టెంట్ హౌస్. రెండు వందల మందికి అన్నం వండే గుండిగలను, వంద కుర్చీలను, షామియానాను ఎవరూ సొంతంగా కొనుక్కోరు. అలా కొనాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. అద్దె తెలుసు, అడిగిన రోజున దొరుకుతాయన్న నమ్మకం ఉంది, సొట్ట పడితే ఎంత కట్టాలో ముందే చెబుతారు. ఈ మూడూ ఉన్నచోట సొంతం చేసుకోవాలన్న తపన దానంతట అదే పోతుంది. మరి గోడకు రంధ్రం వేసే డ్రిల్లింగ్ యంత్రం ప్రతి ఇంట్లో ఎందుకు? అల్యూమినియం నిచ్చెన? పెద్దాయనకు తుంటి ఎముక విరిగినప్పుడు కొన్న చక్రాల కుర్చీ, వాకరు, ఆసుపత్రి మంచం, ఆయన కోలుకున్నాకో కన్నుమూశాకో మిద్దె మీద ఎండకు ఎండుతూ ఉంటాయి. పక్క వీధిలో మరొకరు అదే వారం కొత్తవి కొంటారు.

ఇరవై ఇళ్ల అపార్టుమెంటులో ఒక నిచ్చెన, ఒక డ్రిల్లు, ఒక చక్రాల కుర్చీ చాలు. దీనికి ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కంతా తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర వస్తుంది. అధ్యక్షుడి ఇంట్లో పెడితే ఆయన వస్తువు అయిపోతుంది, అడగడానికి మొహమాటం. కింద మెట్ల దగ్గర వదిలేస్తే నెలలో మాయం. వాచ్‌మన్ గదిలో పెట్టి, పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీసి, ఫ్లాటు నంబరు, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ రాయిస్తే నడుస్తుంది. ₹500 ముందుగా కట్టించుకోవాలి. నెల దాటినా తేనివారి పేరు లిఫ్టు పక్కన అంటించాలి. వాచ్‌మన్‌కు దీనికోసం నెలకు ఏదో కొంత ఇవ్వాలి, లేకపోతే తగ్గిన మన పని మళ్లీ అతని నెత్తి మీదికే పోతుంది.